అరచేతి రంగస్థలము



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము సెల్‌ఫోను. ఆ మాట చెవిని బడగానే మీలో ననేకులు మొగము చిట్లింతురని యెఱుగుదును. రచ్చబండ కడ ఏ ముచ్చటతో మాటలారంభమైనను, కడకు "పిల్లలు ఫోను పట్టుకొని పాడైపోవుచున్నారు" అనుటతోనే ముగియుచున్నది. ఆ మాట అబద్ధము గాదు. కాని యది సగము సంగతి మాత్రమే. ఆ ఫోనునే చేతబట్టి కొందఱు యువకులు తమ వాడలలో నెవ్వరును గలగననంత దూరము పోయిరి. వారేదారిని పోయిరి, ఆ దారిలో గోతులెచ్చట నున్నవి, పెద్దలు చేయదగిన పని యేమి యను మిగిలిన సగమును వివరించుట నా యుద్దేశము. నేను హైదరాబాదు పాతబస్తీలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. నా చదువు పంచకావ్యములు, బాలవ్యాకరణము, యంత్రవిద్య గాదు. కావున నే నెఱిగినంతవఱకు మన మాటలలోనే చెప్పెదను.

ఇది వినోదమునకు జెప్పుకొను సంగతి కాదు. మీ యింటి మనుమడు ఒకనాటి సాయంకాలము వచ్చి, "తాతా, నేను చదువు మాని వీడియోలు చేసికొని బ్రతికెదను" అనినచో మీరేమందురు? సరే యన్నచో బిడ్డ జీవితము గాలిపటమగునేమో యని భయము. కాదన్నచో వానికి దైవమిచ్చిన విద్యను మనమే అణచివేసినవార మగుదుమేమో యని భయము. ఈ రెండు భయములును న్యాయమైనవే.

పూర్వకాలమున విద్యగలవాడు పైకి రావలయునన్న ఒకరి యనుగ్రహము కావలసియుండెను. శ్రీనాథుడంతటి వాడును విజయనగరము పోయి, ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టు నోడించి కనకాభిషేకము పొందెనని చెప్పుకొందుము. సభ యనునది దొరకనిచో ఆ పాండిత్యము ఎవరికి దెలియును? రాజాశ్రయమును కాదని భాగవతమును శ్రీరామునకే సమర్పించిన బమ్మెర పోతన వంటివారు వేయింట నొక్కరు. రాజులు పోయిన పిదప అచ్చుకూటముల యజమానులు, నాటకసమాజములవారు, చలనచిత్ర నిర్మాతలు వచ్చిరి. రేడియోలో పాడవలయునన్నను స్వరపరీక్ష కలదు. ఎచ్చటికి పోయినను గడప యొకటి, ఆ గడప కడ నిలుచువాడొకడు. వాడు ఔనన్నచో లోపలికి, కాదన్నచో మరల నూరికి.

ఆ గడపను పెకలించినది యూట్యూబు. 2005వ సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికా దేశమున చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీం అను ముగ్గురు యువకులు దానిని స్థాపించిరి. అందు మొట్టమొదట నుంచబడిన వీడియో 19 సెకండ్లది. జావెద్ కరీం జంతుశాలలో ఏనుగుల ముందు నిలువబడి, వాటి తొండములు చాల పొడుగని చెప్పుట తప్ప అందేమియు లేదు. అది ఆ యేడు ఏప్రిల్ 23వ తేదీ. ఏనుగు తొండము పొడుగని చెప్పుటకు పండితుడు కానక్కఱలేదు గదా! కాని ఎవ్వరిని అడుగనక్కఱ లేకుండ, రూక యొకటి చెల్లింపకుండ, ఒక సామాన్యుడు చెప్పిన మాట లోకమంతయు చూచు వీలు కలుగుటయే అందలి విశేషము. మఱుసటి యేడే గూగులు అను సంస్థ దానిని 165 కోట్ల డాలర్లకు కొనెను. మన పల్లెలకు ఈ విద్య నిజముగా వచ్చినది 2016 తరువాత. ఆ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన జియో కంపెనీవారు మొదట ఉచితముగా, పిదప చౌకగా ఇంటర్నెట్టు నీయ నారంభించిరి. అంతకుముందు ఒక పాట చూచుటకు లెక్కించి వాడుకొన్న జనము, తరువాత రోజంతయు చూడసాగిరి.

ఇక మా పాతబస్తీ సంగతి. ఇచ్చటి మాటకు, యాసకు వినువారున్నారన్న సంగతి సెల్‌ఫోనుల కంటె ముందే తెలిసినది. 2005లో "ది అంగ్రేజ్" అను చిత్రము చార్మినారు ప్రాంతపు పోరగాండ్ర దక్కనీ ముచ్చట్లతో వచ్చి, హైదరాబాదీలున్న చోటనెల్ల నవ్వులు పూయించెను. కాని యది చలనచిత్రము, పెట్టుబడి కావలయును. గల్లీలో పుట్టిన యొక బాలుడు తన బలముతో బయటపడిన కథ వేఱొకటి కలదు.

పురానాపూలు వంతెనకు చేరువగా మంగళ్‌హాటు, ధూల్‌పేట అను పేటలు గలవు. చవితికి వినాయక విగ్రహములను, సంక్రాంతికి గాలిపటములను చేసి నగరమంతటికిని పంపు పేటలవి. నాటుసారాకును ఒకప్పుడు పేరుమోసినవే. ఆ గల్లీలలో పెరిగినవాడు రాహుల్ సిప్లిగంజ్, 1989లో జన్మించెను. తండ్రిది క్షౌరవృత్తి. పిల్లవాడు చేతికందిన గిన్నెమీద దరువు వేయుచు జానపదములు పాడుచుండెనట. ఇచ్చట ఆ తండ్రి చేసిన పనిని మీరు గమనింపవలయును. చప్పుడు మానుమని గిన్నె లాగుకొనలేదు. బిడ్డను వెంటబెట్టుకొని సినిమావారి గడపలును ద్రొక్కలేదు. గజల్ గానమున ప్రసిద్ధులైన పండిత విఠల్‌రావుగారి కడకు గొనిపోయి యప్పగించెను. విఠల్‌రావుగారు నిజాము కాలపు దర్బారు గానసంప్రదాయమునకు చివరి వారసులలో నొకరు, 2015లో స్వర్గస్థులైరి. ఆయన సన్నిధిని బాలుడు సుమారు ఏడేండ్లు గజళ్ళు నేర్చెను. అదే కాలమున తండ్రి దుకాణములో చేతిసాయము చేయుచుండెను.

గజలునకును గల్లీపాటకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. పైకి జూడ లేదు. కాని గజలు పాడువానికి ఊపిరి నెచ్చట నిలుపవలయునో, మాటను ఎంత మెల్లగా విడువవలయునో తెలియును. ఆ కట్టుబాటు తెలిసినవాడు గొంతెత్తి పాడినను శ్రుతి తప్పడు. వ్యాకరణము చదివినవాడు వాడుకమాట వ్రాసినను పొందికగా వ్రాయును గదా, అట్లే.

2009లో "జోష్" అను చిత్రమున "కాలేజీ బుల్లోడా" అను పాట పాడుట కవకాశము దొరకెను. దానితో తలుపులన్నియు తెఱచుకొనెనని తలంపవలదు. క్రొత్త గాయకునకు సినిమాపాట దొరకుట నడివేసవిలో వాన వంటిది. వచ్చునెడ వచ్చును, రానినాడు రాదు. ఒక పాటకును మఱొక పాటకును నడుమ దినములెట్లు గడుపవలయును? పలువురు యువకులు చెడునది ఈ నడిమి దినములయందే. ఈ బాలుడు ఆ దినములలో తన పాటలను తానే సిద్ధము చేసికొని, వాటిని దృశ్యములుగా తీయించి, యూట్యూబులో నుంచసాగెను. "మంగమ్మ", "పూర్ బాయ్", "గల్లీ కా గణేశ్" అట్టివి. వాటిలో గొప్ప మేడలుండవు, మా గల్లీలే. గొప్ప మాటలుండవు, మా వాడకమే. ఆ పాటలన్నియు నాకు రుచించునని చెప్పజాలను. కొన్నిటి పదములు తరగతిలో నుచ్చరింపదగినవి గావు. అయినను వినువారు వాటిని దమవిగా భావించిరి. ఒకరు మఱొకరికి చూపిరి. ఆ మఱొకరు ఇంకొకరికి.

అట్లు వినువారి బలగము తయారైన పిదప వీథి గొంతు కావలసివచ్చినప్పుడెల్ల సినిమావారికి ఈతని పేరు తోచుచుండెను. 2018లో "రంగస్థలం" చిత్రమున ఆ పేరిటి పాట, 2019లో "ఇస్మార్ట్ శంకర్" చిత్రమున బోనాల పాట పాడెను. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి జాతర జరుగు ఆషాఢమాసములో ఆ బోనాల పాట మా యింటి గోడలనుకూడ కదలించును. నిద్ర పట్టదు గాని, నా కోపము నిలువదు. అదే 2019లో "బిగ్ బాస్" అను టెలివిజను పోటీలో ప్రేక్షకుల వోట్లతో గెలిచెను. పిమ్మట 2022 మార్చి 25న విడుదలయైన "ఆర్.ఆర్.ఆర్." చిత్రమున కీరవాణిగారి బాణీకి, చంద్రబోసుగారి రచనకు, కాలభైరవతో గూడి "నాటు నాటు" అను పాట పాడెను. ఆ చంద్రబోసుగారును మన భూపాలపల్లి ప్రాంతపు చల్లగరిగ గ్రామమువారే. 2023 మార్చి 13వ తేదీ ఉదయము, మన కాలమానము ప్రకారము, అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరమున ఆ పాటకు ఆస్కారు బహుమానము వచ్చెను. భారతీయ చలనచిత్రములోని పాట కా బహుమానము రావుట అదే మొదలు. ఆ సభలో, ఆ వేదికపై, మంగళ్‌హాటు గొంతు పాడెను. 2025 జులైలో బోనాల పండుగ సందర్భమున తెలంగాణ ప్రభుత్వము ఈతనికి కోటి రూపాయల పురస్కారము ప్రకటించెను.

లెక్క చూడుడు. మొదటి సినిమాపాట 2009; ఆస్కారు 2023. నడుమ పదునాలుగేండ్లు; రాములవారి యరణ్యవాసమంత కాలము. దానికి ముందు గురువు కడ గడచిన ఏడేండ్లను గూడ కలుపుకొనుడు. "ఒక్క వీడియోతో ఒక్క రాత్రిలో పేరు వచ్చినది" అని మీ మనుమడు చెప్పినచో ఈ లెక్కను వాని ముందుంచుడు. యూట్యూబు ఈతనికి గొంతు నీయలేదు. గొంతును తీర్చినది గురువు, కడుపు నింపినది తండ్రి దుకాణము. నడుమ వేచియుండవలసిన యేండ్లు వట్టివి కాకుండ, ఒకరి పిలుపు కొఱకు కాచుకొనియుండక, పనిని జనుల యెదుట పెట్టుకొనుట కొక చోటును మాత్రము యూట్యూబు ఇచ్చెను. అది చిన్న సహాయము గాదు. నా చిన్ననాట మా యూరిలో ఇంతకంటె తీయని గొంతులు కలవారిని నే నెఱుగుదును. వారి పాట చెఱువుకట్ట దాటలేదు.

ఇక ఆ చోటు నడచు తీరు కొంత తెలిసికొనవలయును. రాజు పోయెను గాని ద్వారపాలకుడు పూర్తిగా పోలేదు. ఇప్పటి ద్వారపాలకుడు యంత్రము. ఒక వీడియోను ఎందఱు తెఱచిరి, ఎంతసేపు చూచిరి, ఎచ్చట విసిగి విడిచిరి, మఱొకరికి పంపిరా లేదా యని ఆ యంత్రము క్షణక్షణము లెక్కించును. మొదట కొందఱికి చూపును. వారు కడవఱకు చూచినచో మఱికొందఱికి చూపును. నడుమనే విడిచినచో ఆ వీడియోను మూలకు నెట్టును. తోలుబొమ్మలాటలో జనము లేచిపోవు సూచన కనబడగానే కథ నాపి కేతిగానిని, బంగారక్కను తెరమీదికి దెచ్చుట మీరెఱుగుదురు. యంత్రము కోరునదియు అదియే: కూర్చున్నవాడు లేవరాదు. ఆ కూర్చోబెట్టుట విద్యచేతనా, బూతుచేతనా, ప్రాణముల మీది సాహసముచేతనా యను విచారణ దానికి తక్కువ. అందువలననే అందఱకును తెలిసిన ఆ యఱపులు, తిట్లు, రైలుపట్టాల మీది పిచ్చిచేష్టలు. వాటిని చూచి మొత్తము విద్యనే దూషించుట, కేతిగాని మాటలు విని రామాయణమును దూషించుట వంటిది.

పాతబస్తీ నగరములోనిది, మాది పల్లె యని మీరనవచ్చును. కొండగట్టు అంజన్న దర్శనమునకు పోయినవారు మీలో ననేకులుందురు. ఆ కొండగట్టు ఉన్న మల్యాల మండలములోనే, జగిత్యాల జిల్లాయందు, లంబాడిపల్లి యను చిన్న యూరున్నది. అచ్చట శ్రీరాం శ్రీకాంత్ అను యువకుడు 2012లో "మై విలేజ్ షో" అను పేర నొక యూట్యూబు ఛానలు తెఱచెను. పేరు ఇంగ్లీషు, లోపలి సరకు మాత్రము పచ్చి పల్లె. వ్యవసాయపు పనులు, పెండ్లి సంబరములు, అత్తాకోడండ్ర పోరు, పంచాయితీలు, ఇవే కథలు. నటించువారు ఊరివారే, మాటాడునది ఇంటిలో మాటాడు తెలంగాణపు మాటయే. ఆ మాటను చిరకాలము సినిమాలలో దుష్టునికో హాస్యగానికో మాత్రమే పెట్టిరి. లంబాడిపల్లివారు ఆ మాటతోనే తల్లి బిడ్డను లాలించుటయు, రైతు చింతించుటయు చూపిరి. భాషాభిమానిగా నాకు ముచ్చట గొలిపినది ఇదే.

2018లో ఆ యూరిపేరు ఖండాంతరములకు పోయెను. కెనడా దేశపు డ్రేక్ అను గాయకుని పాట యొకటి వినిపించుచుండగా, కదలుచున్న కారునుండి దూకి ప్రక్కన నాట్యమాడుట యొక వెఱ్ఱిగా లోకమంతట వ్యాపించినది. కొందఱు గాయపడిరి, పలు నగరముల పోలీసులు హెచ్చరికలు చేసిరి. లంబాడిపల్లి యువకులు అనిల్, తిరుపతి యనువారు కారునకు బదులు ఎడ్లను మడిలో నడిపించుచు, బురదలోనికి దూకి, ఆ పాటకే చిందులు వేసిరి. ఎడ్లు తమ దారిని తాము పోవుచున్నవి. వీరు నవ్వుచు ఆడుచున్నారు. అపాయము లేదు, పొలము పనియు నిలిచిపోలేదు. దానిని కోట్లకొలది జనులు చూచిరి. అమెరికా టెలివిజనులో హాస్యప్రసంగములు చేయు ట్రెవర్ నోవా సైతము మెచ్చుకొనెను. పరదేశపు పాట విన్నంతమాత్రమున పరదేశపు వేషము వేయక, తమ మడిలోనికి దానిని దింపుకొనుటయే వారి నేర్పు. ఇట్టి నేర్పును మనము పిల్లలలో వెదకవలయును.

ఆ ఛానలులోనే పేరుపొందినది గంగవ్వ. కూలిపని చేసి బిడ్డలను పెంచుకొన్న పల్లెటూరి స్త్రీ. అరువదియేండ్ల ప్రాయమున నటిగా లోకమునకు తెలిసెను. 2020లో బిగ్ బాస్ పోటీకి పోయి, ఆరోగ్యము సరిపడక నడుమనే వెలువడినను, తరువాత స్వగ్రామములో తనదైన యిల్లు కట్టుకొనెను. సినిమాలలోను నటించెను. ఇది యువకులను గూర్చిన ప్రసంగము గదా, గంగవ్వ యేల యనవచ్చును. ఆ యువకులు తమ తోటివారినే గాక, ఊరి ముసలమ్మలోని మాటచమత్కారమును గుర్తించి కెమెరా ముందు నిలిపిరి. మన యూరి పెద్దవారు ఎందఱు ఇట్టి కథలు కడుపులో దాచుకొని యున్నారు! వాటి నడుగు మనుమలు లేకపోవుటయే లోటు.

గోతుల సంగతియు చెప్పవలయును. యూట్యూబు, ఇన్‌స్టాగ్రాము మొదలగునవి పరుల నేలలు. ఆ నేలపై నిల్లు కట్టుకొనిన యజమాని పొమ్మన్ననాడు పోవలయును. 2020 జూన్ 29వ తేదీన మన కేంద్రప్రభుత్వము దేశభద్రత కారణముగా టిక్‌టాక్ అను చీనా వారి యాపును, మఱి 58 యాపులతో గూడ, నిషేధించెను. దానిలో లక్షల కొలది యభిమానులను సంపాదించుకొన్న పల్లెటూరి పిల్లలు తెల్లవాఱునప్పటికి ఒట్టిచేతులతో నిలిచిరి. వారిలో పాటయో, పనితనమో గలవారు మఱొక చోటికి మూట సర్దుకొని పోయి బ్రతికిరి. వట్టి వేషము గలవారు మఱపున బడిరి. ఇట్లే, ఇతరుల పాటను సెలవు లేక వాడుకొన్నచో హక్కుదారు ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో అట్టివి మూడు నిలిచినచో యూట్యూబువారు ఛానలునే తీసివేయుదురు.

అంతకంటె లోతైన గొయ్యి జూదము. వీడియోలు చేయు యువకునకు కొంత పేరు రాగానే "మా యాపును గూర్చి రెండు మాటలు చెప్పుము, ఇంత సొమ్మిత్తుము" అను బేరగాండ్రు వత్తురు. వాటిలో పందెముల యాపులు కలవు. 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అట్టి యాపులకు ప్రచారము చేసిరని పలువురు నటులమీదను, యూట్యూబు ప్రసిద్ధులమీదను కేసులు పెట్టిరి. ఆ యేడు ఆగస్టులో పార్లమెంటు సొమ్ముపెట్టి యాడు ఆన్‌లైను ఆటలను, వాటి ప్రకటనలను గూడ నిషేధించుచు చట్టము చేసెను. ధర్మరాజంతటివాడు జూదమున నేమైనదియు మనకు తెలియును. జూదమునకు దండోరా వేయుటయు ఇప్పుడు నేరమే యని మీ బిడ్డలకు తెలుపుడు. ఎవరైన ఆన్‌లైనులో మోసపోయి సొమ్ము పోగొట్టుకొన్నచో, సిగ్గుపడి దాచక, 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము చేతికి చిక్కదు.

నా కడ చదివిన యొకాయన గౌలిపురాలో నున్నాడు. లాడ్‌బజారు దుకాణములకు లక్కగాజులు చేసి యిచ్చుట ఆ యింటి పని. రెండేండ్ల క్రిందట కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, "సారూ, వీడు కాలేజీ బంద్ వెడ్తడట. వీడియోలు దీస్కుంట బతుకుతడట. ఫోను పలగ్గొడ్దమంటే వాళ్ళమ్మ అడ్డమొస్తున్నది. జర మీరన్న చెప్పుండ్రి" అనెను. ఏమి వీడియోలురా యని బాలుని యడిగి, చూపించుకొంటిని. సినిమా మాటలకు పెదవులు కదపుటయు, నల్లకళ్ళద్దములు పెట్టుకొని నడచుటయు. చూచినవారు నూఱుమంది లేరు. "మీ యింటి పని నెన్నడైన తీసితివా?" యంటిని. "అదేం జూస్తరు సార్, బొగ్గుల పొగ" అని నవ్వెను.

బొగ్గుల కుంపటిమీద లక్క మెత్తబడుట, రంగు కలిసి మెఱయుట, దానిని చేతితో సాగదీసి కట్టెకు చుట్టుట, కంకణముగా వంచుట, అది వేడిగా నుండగనే వాళ్ళమ్మ చిమటాతో నొక్కొక్క రాయిని తడబడక పొదుగుట, ఇదంతయు చూచుటకు చేదుగా నుండునా? ఆ చేతులకు ఇన్నేండ్ల సాధన యున్నది. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరు ఇచ్చటి పనివారిదేయని ప్రభుత్వము ముద్రవేసినది. ఇవన్నియు వానితో చెప్పితిని. చదువు మానవలదనియు, దినమున కొక గంట మాత్రము దీనికిమ్మనియు, తండ్రి సైతము ఆ గంట వానిని కదలింపరాదనియు ఒడంబడిక చేయించితిని. తండ్రికది రుచింపలేదు; నా మొగము చూచి యొప్పుకొనెను.

మొదటి నాలుగు మాసములు చూచినవారు మునుపటికంటె తక్కువ. బాలుడు డీలా పడెను. ఐదవ మాసమున వాళ్ళమ్మ చేతులను మాత్రమే చూపుచు, మాటలు లేక, రాళ్ళు పొదుగు చప్పుడుతో నొక చిన్న రీలు ఉంచెను. దానిని ఎవరో ఎవరికో పంపిరి. కరీంనగరము నుండి ఒక పెండ్లివారు చీరె రంగును ఫోనులో చూపి, అదే రంగున గాజులు కావలయునని వ్రాసిరి. పిదప మఱికొన్ని బేరములు వచ్చినవి. బాలుడు ఇంటర్మీడియెటు గట్టెక్కి ఇప్పుడు డిగ్రీ చదువుచున్నాడు. యూట్యూబు నుండి ఆ యింటికి నేటివఱకు నొక్క రూపాయియు రాలేదు. గాజుల నమ్ముటచేత మాత్రము వచ్చినది, అదియు దుకాణదారుని నడుమ నుంచకుండ. తండ్రి యిప్పటికిని "ఫోను పాడు" అనియే యనుచుండును గాని, కుంపటి కడ వెలుతురు చాలదని తానే యొక దీపము తగిలించెను.

యూట్యూబునుండి నేరుగా సొమ్మెట్లు వచ్చునని పలువురడుగుచుందురు. ఛానలు తెఱచుటకు ఎవ్వరికిని చెల్లింపనక్కఱలేదు. "ఇంత కట్టుము, ఛానలు పెట్టి యిత్తును" అనువాడు మోసగాడని యెఱుగవలయును. ప్రకటనల సొమ్ములో పాలు రావలయునన్న, ఆ ఛానలునకు కనీసము 1000 మంది చందాదారులుండవలయును. చందాయన సొమ్ము గాదు, "మీ వీడియోలు మాకు చూపుడు" అని పేరు నమోదు చేసికొనుట మాత్రమే. అదిగాక ఒక యేడాదిలో జనులు చూచిన కాలము మొత్తము 4000 గంటలు కావలయును. లెక్క కట్టుడు: 4000 గంటలనగా 2,40,000 నిమిషములు. ఒక్కొక్కరు నాలుగు నిమిషములు చూచినచో 60,000 మాఱులు చూడవలయును. పొట్టి వీడియోలకు వేఱు లెక్క కలదు. మూడు నెలలలో కోటి మాఱులు చూడబడవలయును. ఆ గట్టు దాటిన పిదప, పెద్ద వీడియోలమీద వచ్చు ప్రకటనల సొమ్ములో నూటికి 55 పాళ్ళు చేసినవానికి, మిగిలినది కంపెనీకి. పొట్టివాటికి, చేసినవారి వంతునకు వచ్చు సొమ్ములో 45 పాళ్ళు. ఇది మన పాలికాపు పద్ధతి వంటిదే. నేల వారిది, కష్టము వీరిది. అయితే ఏ యేడు పంట యెంతయో విత్తునాడు తెలియదు.

పదునెనిమిదేండ్లు నిండనివాడు ఈ సొమ్మును తన పేర తీసికొనలేడు. తల్లిదండ్రులలో నొకరి పేరనో, సంరక్షకుని పేరనో ఖాతా కలుపవలయును. కావున పిల్లవాడు చాటుగా సంపాదించుచున్నాడన్నచో ఎవరి ఖాతాకు వచ్చుచున్నదో యడుగు హక్కు మీకు గలదు. మఱొక సంగతి. ఖాతాలో మొదటి పది డాలర్లు చేరగానే గూగులువారు ఇంటి చిరునామాకు తపాలా ద్వారా ఒక చిన్న లేఖ పంపుదురు. అందు ఆఱంకెల రహస్యసంఖ్య యుండును. ఆ చిరునామా నిజమైనదో కాదో తేల్చుకొనుట కది. ఆ సంఖ్యను నాలుగు నెలలలోపల నమోదు చేయనిచో ప్రకటనలు నిలిచిపోవును. నూఱు డాలర్లు నిండినప్పుడు గాని బ్యాంకునకు సొమ్ము రాదు. ఆ లేఖ చూచుటకు మిక్కిలి యల్పము, ఇంగ్లీషులో నుండును, కరెంటు బిల్లు కాదు, బ్యాంకు నోటీసు కాదు. మీ పేరనో, మనుమని పేరనో అట్టిది వచ్చినచో చింపి పొయ్యిలో వేయక, వాడు కాలేజీనుండి వచ్చువఱకు గూటిలో నుంచుడు.